శూన్యంలోకి అప్పీలు: గొడవ మొదలైంది ట్రంప్‌తో కాదు

సుంకాల గొడవ రేగిన ప్రతిసారీ ‘ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)లో తేల్చుకుంటాం’ అన్న మాట మళ్లీ వినిపిస్తుంది. వెళ్లొచ్చు, కేసును మొదట విచారించే ప్యానెల్ తీర్పూ వస్తుంది. ఓడిన దేశం అప్పీలు చేస్తే మాత్రం ఫైలు అక్కడే ఆగిపోతుంది. అప్పీలు తేలేదాకా ప్యానెల్ తీర్పును ఆమోదించకూడదు. ఆ అప్పీలు వినడానికి జెనీవాలో ఒక్కరూ లేరు.

అప్పీళ్లు వినే అప్పిలేట్ బాడీలో ఏడుగురు ఉండాలి. కొత్త నియామకాలను అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు 10 తర్వాత మిగిలింది ఒక్కరే; తర్వాత ఆ ఒక్కరూ వెళ్లిపోయారు. ఒక్కో కేసుకు ముగ్గురు కావాలి. నెపం ట్రంప్ మీదికి పోయింది గానీ, కొరియా సభ్యుడి పునర్నియామకాన్ని అమెరికా 2016లోనే, ఒబామా హయాంలోనే అడ్డుకుంది.

అసలు మంట ‘జీరోయింగ్’ది. డంపింగ్, అంటే స్వదేశీ ధర కంటే తక్కువకు ఎగుమతి చేయడం, ఎంత జరిగిందో తేల్చే ఒక లెక్క అది. స్వదేశంలో 100కు అమ్మే సరుకు ఎగుమతిలో ఒక లోడు 80కి, ఇంకోటి 120కి పోయిందనుకోండి. సగటు 100, డంపింగ్ లేనట్టే. జీరోయింగ్‌లో 120 లోడు మీద ఎక్కువొచ్చిన 20ని సున్నా చేస్తారు, 80 లోడు మీద తగ్గిన 20ని మాత్రం ఉంచుతారు. డంపింగ్ తేలిపోయింది, సుంకం పడింది!

ఈ లెక్క చెల్లదని 2001లో దుప్పట్ల కేసులో యూరప్ మీద గెలిచింది భారత్. తర్వాత అమెరికా వరసగా ఓడింది. అమెరికా మీద మెక్సికో వేసిన స్టెయిన్‌లెస్ స్టీలు కేసులో ఒక ప్యానెల్ మాత్రం పాత తీర్పులను పక్కనబెట్టి, సుంకాన్ని మళ్లీ లెక్కగట్టే సమీక్షల్లో జీరోయింగ్ చెల్లుతుందంది. గట్టి కారణం లేకుండా మా తీర్పులు దాటకూడదంటూ 2008 ఏప్రిల్‌లో అప్పిలేట్ బాడీ దాన్ని కొట్టేసింది. నా దృష్టిలో మలుపు ఇదే.

పాత తీర్పులకు కట్టుబడాలని ఒప్పందంలో లేదని, 90 రోజుల గడువు దాటుతున్నారని అమెరికా వాదన. గడువు మాట నిజమే. కానీ ఎగుమతిదారుల గోడు వేరు. పాత తీర్పు నిలవకపోతే అదే లెక్క మీద ప్రతి దేశమూ మళ్లీ కేసు వేసుకోవాలి. కేసు నడిచినన్నాళ్లూ సుంకం కడుతూనే ఉండాలి. డబ్ల్యూటీవోలో గెలుపు ఇకముందుకే వర్తిస్తుంది, కట్టిన సొమ్ము వాపసు ఇప్పించదు.

బాడీ ఆగిపోయిన పది రోజుల్లోపే, భారత్‌తో ఉన్న ఉక్కు కేసులో అమెరికా అప్పీలు వేసింది. 2020లో యూరోపియన్ యూనియన్, చైనా తదితర దేశాలు తమ మధ్య అప్పీళ్లకు మధ్యవర్తిత్వ ఏర్పాటు చేసుకున్నాయి. 2023లో జపాన్ చేరింది. భారత్ చేరలేదు. చక్కెర సబ్సిడీలపై బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాల చేతిలో ఓడాక, 2021 డిసెంబరులో అదే ఖాళీ బల్ల మీద తన అప్పీలూ పెట్టింది.