రాజీ అంటే సగం సగం కాదు: అపోహలు - వాస్తవాలు

చట్టసభల కమిటీలకు బిల్లుల ముసాయిదాలు రాసిపెట్టడం నా పని. పార్టీల మధ్య రాజీ కుదరడం, చెడిపోవడం రెండూ దగ్గర్నుంచి చూశాను. దాని గురించి బయట అనుకునే మాటలు కొన్ని వింటే ఒళ్లు మండుతుంది.

అపోహ: రాజీ అంటే చెరి సగం వదులుకోవడం.

వాస్తవం: అలా కుదిరినవి తక్కువ. ఒకరికి ప్రాణం లాంటి విషయం ఎదుటివాళ్లకు అంత పట్టింపు కాకపోవచ్చు. ఆ తేడా కనిపెట్టడంలోనే ఉంది పనంతా. 1949లో భారత రాజ్యాంగ సభ అధికార భాష దగ్గర ఇరుక్కుంది. అంకెలు ఏ రూపంలో రాయాలన్న దానిమీద కూడా హోరాహోరీగా వాదించుకున్నారు! చివరికి సెప్టెంబరు 14న సభ సభ్యులు మున్షీ, గోపాలస్వామి అయ్యంగార్ల సూత్రం నెగ్గింది. దేవనాగరి లిపిలో హిందీ అధికార భాష, అంకెలు మాత్రం అంతర్జాతీయ రూపంలో, ఇంగ్లీషు మరో 15 ఏళ్లు. హిందీ కోరినవాళ్లకు హోదా దక్కింది, మిగతావాళ్లకు టైమ్ దక్కింది. గడువు దగ్గరపడ్డాక, 1963లో, ఇంగ్లీషు కొనసాగేందుకు చట్టం చేశారు. అయినా 1965లో మద్రాసు రాష్ట్రం భగ్గుమంది, 1967లో ఆ చట్టాన్ని సవరించాల్సి వచ్చింది. కుదిరిన రాజీని మళ్లీ విప్పి కుట్టుకోవడం మాకు మామూలే.

అపోహ: రాజీ మెతకవాళ్ల పని.

వాస్తవం: దక్షిణాఫ్రికాలో 1992లో, కొంతకాలం పాత తెల్లజాతి పాలకులతో అధికారం పంచుకుందామని, ఉన్న ప్రభుత్వ ఉద్యోగుల కొలువులు కాపాడదామని ప్రతిపాదించింది జో స్లోవో. కమ్యూనిస్టు పార్టీ అగ్రనేత, సాయుధ పోరాటం నడిపినవాడు. ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే ద్రోహి అనేవాళ్లు. మెట్టు దిగినా సొంతవాళ్లు నమ్మేది ఇలాంటివాళ్లనే.

అపోహ: అందరూ సంతకం పెట్టారంటే న్యాయమైన ఒప్పందమే.

వాస్తవం: ఆ 'అందరూ' ఎవరో చూడాలి. 1787లో అమెరికా రాజ్యాంగం రాసినవాళ్లు చట్టసభలో రాష్ట్రాల సీట్ల లెక్కకు ప్రతి ఐదుగురు బానిసలనూ ముగ్గురిగా లెక్కేశారు. బేరమాడినవాళ్లు ఒప్పుకున్నారు. ఆ ఐదుగురినీ అడిగినవాళ్లు లేరు.

అపోహ: మధ్యేమార్గం అనేవాళ్లు గోడమీద పిల్లులు.

వాస్తవం: కొందరు నిజంగానే అంత. కానీ పిల్లి ఎటు దూకుతుందో చెప్పదు. రాజీకి వచ్చేవాడు తనకేం కావాలో ముందే చెప్పాలి, లేకపోతే బేరమే మొదలు కాదు.

అపోహ: పెద్ద నాయకులు చేతులు కలిపితే పనైపోయినట్టే.

వాస్తవం: మా కష్టాలు అప్పుడే మొదలవుతాయి. ఒకసారి ఒక క్లాజులో 'ఏర్పాటు చేయాలి' అని ఉండాలా, 'చేయవచ్చు' అని ఉండాలా అన్నదానిమీద రెండు పార్టీల నాయకులిద్దరు సాయంత్రం నాలుగింటి నుంచి రాత్రి దాకా కూర్చున్నారు. ఒకరు రెండుసార్లు లేచి వెళ్లిపోబోయారు కూడా. చివరికి 'చేయాలి' ఉంచి, దాని ముందు 'రెండేళ్లలోపు' అని చేర్చాం. బయటికెళ్లి ఇద్దరూ తామే నెగ్గామని విలేకరులకు చెప్పుకున్నారు. నేను కాగితాలు సర్దుకుంటూ విన్నాను. ఇద్దరూ చెప్పింది నిజమే.