స్టైరీన్ షీటుతో రోబో మోడల్: మొదలుపెట్టకముందే ఆపేసే అపోహలు

విడిభాగాల కిట్ కొనకుండా, పాలీస్టైరీన్ (వాడుకలో స్టైరీన్) అనే తెల్లటి ప్లాస్టిక్ షీటు కోసి అతికించి మోడల్ చేయడాన్ని స్క్రాచ్ బిల్డింగ్ అంటారు. 1980లో బందాయ్ అనే బొమ్మల కంపెనీ గన్‌డమ్ రోబో కిట్లు తెచ్చిన జపాన్‌లో, కిట్‌గా రాని రోబోలను షీటుతో సొంతంగా చేసుకునే అలవాటు బాగా వేళ్లూనుకుంది. అక్కడి మోడలర్లు ఈ షీటును ప్లాబాన్ అని, పెట్టెలా అతికించే పద్ధతిని హాకోగుమి అని అంటారు. ఇక్కడ నన్ను అడిగేవాళ్లలో చాలామంది మొదటి ముక్క కోయకముందే వెనక్కి తగ్గుతున్నారు. కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే.

అపోహ: శిల్పం చెక్కే చెయ్యి ఉండాలి.

రోబోకు కావాల్సింది కూడికలు, తీసివేతలు సరిగ్గా చేసే ఓపిక. ముంజేయి ఒక పెట్టె, పిక్క ఒక పెట్టె, ఛాతీ మూడు నాలుగు పెట్టెలు. కొత్తవాళ్లు తడబడేది షీటు మందం దగ్గర. ముంజేయి 20 మి.మీ. వెడల్పు, 15 మి.మీ. లోతు ఉండాలనుకోండి. షీటు మందం 1 మి.మీ. ముందు, వెనక పలకలు 20 మి.మీ. వెడల్పుతో కోస్తాం. పక్క పలకలు వాటి మధ్యలో కూర్చుంటాయి కాబట్టి వాటిని 13 మి.మీ.కే కోయాలి. 15కి కోస్తే చెయ్యి 17 మి.మీ. లోతు అవుతుంది. 1/144 స్కేలులో (మోడల్ మీద 1 మి.మీ. అంటే అసలు రోబో మీద 144 మి.మీ.) ఆ 2 మి.మీ. తేడా అసలు రోబో మీద దాదాపు 29 సెం.మీ. అన్నమాట! అందుకే ఏ పలక దేని లోపల కూర్చుంటుందో ముందు కాగితం మీద రాసుకోవాలి. పాత క్యాలెండర్ అట్టతో ఒకసారి నమూనా చేసి చూస్తే ఇంకా మంచిది.

పెట్టె అతికించాక అంచులు కత్తిలా వదిలేస్తే అట్టపెట్టెలాగే కనిపిస్తుంది. అంచును కొద్దిగా ఏటవాలుగా అరగదీస్తేనే కవచంలా బరువు వస్తుంది. అయితే 1 మి.మీ. గోడ ఉన్న మూలను 2 మి.మీ. అరగదీస్తే లోపలికి చిల్లు పడుతుంది. ఏ మూలను అరగదీయాలో ముందే తేల్చుకుని, పెట్టె మూసేలోపు అక్కడ లోపలివైపు 3 మి.మీ. చదరపు పుల్ల అతికించాలి. మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉందో లేదో చిన్న మూలమట్టం పెట్టి చూడండి. నన్నడిగితే, ఈ పనిలో సగం నేర్పు ఆ మూలల్లోనే ఉంది.

అపోహ: తెల్లగా ఉన్న షీటు ఏదైనా ఒకటే.

కాదు. సన్‌బోర్డ్ పేరుతో ఎక్కువగా దొరికేది పీవీసీ ఫోమ్. కోయడం తేలికే, కానీ అంచు నొక్కుకుపోతుంది, స్టైరీన్ జిగురు (ప్లాస్టిక్ సిమెంట్) దాన్ని సరిగ్గా కరిగించదు. మనకు కావాల్సింది పాలీస్టైరీన్. టామియా, ఎవర్‌గ్రీన్ షీట్లు నమ్మకమైనవే గానీ మన దగ్గర ఖరీదెక్కువ. ప్లాస్టిక్ షీట్లు అమ్మే షాపులో హిప్స్ షీటు అని అడగండి. అదీ పాలీస్టైరీన్ రకమే. కొనేముందు చిన్న ముక్క తెచ్చుకుని మూల మీద ఒక చుక్క జిగురు వేయండి. కాసేపట్లో ఉపరితలం మెత్తబడి వేలికి అంటుకుంటుంటే అదే సరుకు.

అపోహ: మందం ఎక్కువైతే మోడల్ గట్టిగా ఉంటుంది.

మోడల్‌కు గట్టిదనం వచ్చేది లోపల పెట్టే అడ్డ పలకల వల్ల. మొదటి మోడల్‌కు 1 మి.మీ., 0.5 మి.మీ. షీట్లు రెండూ చాలు. 2 మి.మీ. కావాలంటే రెండు 1 మి.మీ. ముక్కలు కలిపి అతికించండి.

కోసేటప్పుడు షీటును పూర్తిగా తెగ్గొట్టక్కర్లేదు. స్టీల్ స్కేలు ఆనించి కట్టర్‌తో తేలికగా రెండు మూడు గీతలు పెట్టి, గీత తెరుచుకునేలా వంచితే టక్కున విరుగుతుంది. కట్టర్ వెళ్లినచోట గీతకు ఇరువైపులా సన్నటి గట్టు లేస్తుంది. బ్లేడును నిలువుగా పట్టి దాన్ని గీకెయ్యకపోతే పలకలు ఒకదానికొకటి ఆనవు. బలవంతంగా నొక్కితే గీత తప్పుతుంది, వేలు తెగుతుంది. బ్లేడు మొన మొద్దుబారగానే విరిచేయండి.

అపోహ: జిగురు ఎక్కువ వేస్తే బాగా పట్టుకుంటుంది.

ప్లాస్టిక్ సిమెంట్ అతికించేది ప్లాస్టిక్‌ను కరిగించి. పల్చటి రకం అయితే రెండు పలకలు ముందే కలిపి పట్టుకుని అతుకు మీద కుంచె మొన తాకిస్తే చాలు, సన్నటి సందులోకి అదే పాకుతుంది. ఎక్కువైతే 0.5 మి.మీ. షీటు వంకర తిరుగుతుంది. పూర్తిగా మూసేసిన పెట్టెలో జిగురు ఆవిరి చిక్కుకుంటే కొన్నాళ్లకు గోడలు లోపలినుంచే మెత్తబడి లోపలికి దిగుతాయి. కనిపించని వైపు చిన్న రంధ్రం పెట్టండి. అతికించాక కనీసం ఒక రోజు ఆగి అరగదీయండి, లేదంటే అతుకు తర్వాత కుంగి గీతలా తేలుతుంది. కిటికీ తెరిచి పనిచేయడం తప్పనిసరి, ఆ ఆవిరి తలనొప్పి తెస్తుంది.

అపోహ: తేడాలుంటే లప్పం పెట్టి కప్పేయొచ్చు.

మోడలింగ్ లప్పం ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. వెడల్పాటి సందులో ముందు స్టైరీన్ పుల్ల ఇరికించి అతికించండి, మిగిలిన సన్నటి గీతకే లప్పం. తర్వాత 400 నుంచి 800 నంబరు దాకా వాటర్ పేపర్‌తో (తడిపి వాడే ఉప్పు కాగితం) తడిపి అరగదీస్తే పొడి గాల్లోకి లేవదు. ఉప్పు కాగితం వేలితో పట్టుకుంటే అంచులు గుండ్రబడతాయి, చదునైన చెక్కముక్కకు అతికించండి. తెల్ల ప్లాస్టిక్ మీద గీతలు కంటికి ఆనవు. బూడిదరంగు ప్రైమర్ ఒక పూత కొడితే అన్నీ బయటపడతాయి, అప్పుడు మళ్లీ అరగదీయాలి. టెన్షన్ పడకండి, అందరికీ ఇది రెండు మూడుసార్లు జరిగే పనే.

అపోహ: 3డి ప్రింటర్ వచ్చాక ఇది వృథా.

ప్రింటర్ గుండ్రటి భాగాలకు, ఒకేలాంటి పది బోల్టులకు చాలా బాగుంటుంది. చదునైన కవచం పలక మాత్రం షీటులో కోసినంత నున్నగా, త్వరగా రాదు. రెండూ కలిపి వాడుకోండి.

అపోహ: మొదటి రోబోకే అన్ని కీళ్లూ కదలాలి.

పాత కిట్‌లోని పాలీక్యాప్‌లు (కీలు తిరగడానికి లోపల పెట్టే చిన్న ముక్కలు) దాచుకుని మెడకు, భుజాలకు వాడండి. అవి మెత్తటి పాలిథిన్ రకం, సిమెంట్ వాటిని పట్టదు. కాబట్టి స్టైరీన్ గూడు కట్టి అందులో బిగించాలి. మోకాళ్లు, చీలమండలు ఒకే భంగిమలో అతికించేయండి. ఆ అతుకు ఆరేలోపు రోబోను అద్దం పలక మీద నిలబెట్టి, రెండు పాదాలూ పూర్తిగా ఆనుతున్నాయో లేదో చూసుకోండి.