యంత్రం ఎత్తు వేసింది, వ్యాఖ్యాత ఏం చెప్పాలి?

1997 మే 4, న్యూయార్క్. ఈక్విటబుల్ సెంటర్ 35వ అంతస్తు గదిలో ప్రపంచ చదరంగం ఛాంపియన్ గ్యారీ కాస్పరోవ్, ఐబీఎం వారి చదరంగం కంప్యూటర్ డీప్ బ్లూతో రెండో గేమ్ ఆడుతున్నాడు. అదే భవనం కింది భాగంలో సుమారు 500 సీట్ల హాలు. అక్కడ ప్రేక్షకులు తెరల మీద ఆట చూస్తుంటే ముగ్గురు వ్యాఖ్యాతలు వివరిస్తున్నారు: గ్రాండ్‌మాస్టర్ యాసర్ సీరవాన్, ఇంటర్నేషనల్ మాస్టర్లు మారిస్ యాష్లీ, మైక్ వాల్వో. 45వ ఎత్తుగా డీప్ బ్లూ తన ఏనుగును ఏ6 గడికి తెచ్చింది (బల్ల మీద నిలువు వరుసలు ఏ నుంచి హెచ్ వరకు, అడ్డు వరుసలు 1 నుంచి 8 వరకు). కాస్పరోవ్ ఓటమి ఒప్పుకుని లేచిపోయాడు. యంత్రం మొదటి నుంచీ మెల్లగా బిగిస్తూ వచ్చి గెలిచిందనే అందరూ అనుకున్నారు. మర్నాటికల్లా సంగతి తేలింది: అతను వదిలేసిన స్థితిలో డ్రా ఉంది. ఇంటి కంప్యూటర్లు పెట్టుకుని రాత్రంతా ఆ స్థితిని తవ్విన చదరంగం ప్రియులు దాన్ని పట్టుకున్నారు.

ప్రపంచ ఛాంపియన్‌కూ, హాలులోని నిపుణులకూ కనిపించనిది బయటివాళ్లకు ఎలా కనిపించింది? ఒక కారణం సమయం. రెండోది, నా దృష్టిలో అసలుది: యంత్రం అలాంటి లొసుగు వదలదని హాలులో అందరూ ముందే నమ్మేశారు. మనిషికీ కంప్యూటర్‌కూ మధ్య ఆటకు వ్యాఖ్యానం చెప్పేవారు జారిపడేది చాలావరకు ఇక్కడే.

ముందు పని ఎలా నడిచిందో చూద్దాం. బల్ల దగ్గర కాస్పరోవ్‌కు ఎదురుగా కూర్చునేది డీప్ బ్లూ బృందంలోని మనిషి. ఫెంగ్-షియుంగ్ షూ, ముర్రే క్యాంప్‌బెల్, జో హోన్ వంతులవారీగా ఆ కుర్చీలో కూర్చున్నారు. కాస్పరోవ్ ఎత్తును కీబోర్డు మీద కొట్టడం, యంత్రం చూపిన ఎత్తును బల్ల మీద వేయడం, గడియారం నొక్కడం వాళ్ల పని. మొదటి 40 ఎత్తులకు ఒక్కొక్కరికి 2 గంటలు, తర్వాతి 20 ఎత్తులకు గంట. అంటే ఎత్తుకు సగటున 3 నిమిషాలు, ఇద్దరివీ కలిపితే 6. హాలులోని వ్యాఖ్యాత ప్రతి ఆరు నిమిషాల్లో ఐదు నిమిషాలు ఇంకా జరగని ఆట గురించే మాట్లాడాలి. ఎవరైనా 20 నిమిషాలు ఆలోచనలో పడితే ఆ 20 నిమిషాలూ ఆయనవే.

మనుషుల మధ్య ఆటలో ఆ ఖాళీని నింపడానికి దారులుంటాయి. ముఖం చూసి చెప్పవచ్చు, గడియారం చూసి చెప్పవచ్చు, వెనకటి ఆటలు గుర్తు చేయవచ్చు. యంత్రంతో ఆటలో సగం దారులు మూసుకుపోతాయి, మిగిలినవి తప్పుదోవ పట్టిస్తాయి. గడియారం సంగతే తీసుకోండి. మనిషి ఒక ఎత్తును క్షణంలో వేశాడంటే స్థితి అతనికి తెలిసినదనో, ఎత్తు తప్పనిసరి అనో అర్థం. యంత్రం క్షణంలో వేసిందంటే రెండు కారణాల్లో ఒకటి కావచ్చు. ఆ ఎత్తు ఓపెనింగ్ పుస్తకంలోది, అంటే ఆట ఆరంభపు ఎత్తులతో మనుషులు ముందే ఎక్కించిన పట్టికలోది. యంత్రం లెక్క వేయలేదు. లేదా ప్రత్యర్థి ఆలోచిస్తున్నంతసేపూ అదీ లెక్క వేసుకుంటూ, అతను వేయబోయే ఎత్తును ముందే ఊహించి జవాబు సిద్ధం చేసుకుంది. ఊహ ఫలిస్తే జవాబు వెంటనే వస్తుంది, తప్పితే మొదటి నుంచి లెక్క. కాబట్టి యంత్రం వేగం చూసి ధీమా అనుకోవడం పొరపాటు, ఆలస్యం చూసి కంగారు అనుకోవడమూ అంతే. అయితే ఆలస్యానికి నిజంగా అర్థముండే సందర్భం ఒకటుంది. అప్పటిదాకా మంచిదనుకున్న ఎత్తు విలువ లోతుకు వెళ్లేకొద్దీ పడిపోతుంటే, ప్రోగ్రామ్ తనకు తాను అదనపు సమయం ఇచ్చుకుంటుంది. రెండో గేమ్ 36వ ఎత్తు దగ్గర జరిగింది ఇదే.

ఆ స్థితిని కాస్త దగ్గరగా చూడాలి. తెల్లపావులు డీప్ బ్లూవి. దాని మంత్రి బీ6లోకి దూరితే బంట్లు దొరుకుతాయి. అప్పటి యంత్రాలు తిండిపోతులు, బంటు కనబడితే వదలవన్నది అందరి అనుభవం. కాస్పరోవ్ వల కూడా ఆ అనుభవం మీదే పన్నింది. తెల్ల మంత్రి దూరంగా బంట్ల వేటలో ఉండగా నల్ల బంటు ఈ5 నుంచి ఈ4కు తోసుకొస్తుంది, డీ6లో మూసుకుపోయి కూర్చున్న నల్ల శకటుకు దారి తెరుచుకుంటుంది, ఎదురుదాడి మొదలవుతుంది. డీప్ బ్లూ మంత్రిని పంపలేదు. ముందు బీ5లో బంటును చంపి బంట్ల మార్పిడి చేసింది, 37వ ఎత్తుగా తన శకటును ఈ4లో కూర్చోబెట్టింది. నల్ల బంటు ఈ5లోనే ఆగిపోయింది, దాని వెనక శకటు కూడా.

ఇది యంత్రం ఎత్తులా లేదనే అందరికీ అనిపించింది. కాస్పరోవ్‌కైతే యంత్రానికి మనిషి సాయం అందిందేమోనన్న అనుమానమే వచ్చింది. యంత్రం లెక్కల ముద్రిత వివరాలు చూపమని అడిగాడు. ఐబీఎం వాటిని తర్వాత బయటపెట్టింది. సంగతి చూస్తే మాయేమీ లేదు. ఈ యంత్రంలో 30 ప్రాసెసర్లతో పాటు చదరంగం కోసమే చేసిన 480 చిప్‌లు ఉన్నాయి. గరిష్ఠ వేగం సెకనుకు 20 కోట్ల స్థితులు, మ్యాచ్‌లో సగటు 12.6 కోట్లు. మూడు నిమిషాల్లో అన్ని దారులనూ సుమారు 12 అర ఎత్తుల లోతు వరకు, అంటే ఒక్కో వైపు ఆరేసి ఎత్తుల వరకు చూసేది. చెక్‌లు, తప్పనిసరి జవాబులు ఉన్న దారుల్లో ఇంకా చాలా లోతుకు పోయేది. ఆ లోతులో ఈ4 ఎదురుదాడి కనిపించింది, బంట్ల వేట విలువ పడిపోయింది, ఇంకో ఎత్తు పైకి వచ్చింది. మనం వ్యూహం అని పిలిచేది అక్కడ లెక్కగానే పుట్టింది. ఈ ముక్క మైకు ముందు చెప్పగలిగినవాడే యంత్రం ఎత్తును వివరించినట్టు. ‘గొప్ప ఎత్తు’ అనడం వివరణ కాదు.

ఇప్పుడు చివరి స్థితి. ఏ6కు వచ్చిన తెల్ల ఏనుగు బీ6లోని నల్ల మంత్రిని బెదిరిస్తోంది. సీ6లో తెల్ల మంత్రి; మంత్రుల మార్పిడికి ఒప్పుకుంటే నల్లపావులకు ఓటమే. మిగిలింది ఒక్క దారి: నల్ల మంత్రి ఈ3 గడిలోకి, తెల్లరాజు ముంగిట్లోకి దూకాలి. తెల్ల మంత్రి డీ6లోని శకటును ఉచితంగా తినేస్తుంది. అంటే పూర్తిగా ఒక పావు నష్టం. దానికి జవాబు చెక్ కూడా కాదు, ఏనుగును ఈ8కు జరపడం. అప్పుడే ఎఫ్1లోని తెల్లరాజుకు ఎడతెగని చెక్‌ల బెడద కనిపిస్తుంది; చెక్‌లు ఆగకపోతే ఆట డ్రా. తెల్ల బంటు హెచ్4కు వస్తే నల్ల బంటును హెచ్5కు తోయడం లాంటి చప్పుడు లేని ఎత్తు కూడా అవసరం. పావు పోగొట్టుకుని, పైగా నిదానపు ఎత్తులు వేస్తే వచ్చే డ్రా ఇది. ఆనాటి ఇంటి ప్రోగ్రామ్‌కు నిమిషం ఇస్తే శకటు పోయిన లెక్కే చూపించి తెల్లపావులకు పెద్ద ఆధిక్యం అనేది. చెక్‌ల వలయం దాని చూపు అంచుకు అవతల ఉండిపోయేది. గంటల తరబడి నడిపిస్తే తప్ప అంచు అంత దూరం జరగదు.

విచిత్రమేమిటంటే ఆ అంచు డీప్ బ్లూకు కూడా ఉంది. 44వ ఎత్తుగా రాజును ఎఫ్1కు తేవడం, 45లో ఏనుగును ఏ6కు తేవడం, రెండూ గెలుపును జారవిడిచిన ఎత్తులే. రాజును హెచ్1కు పంపి ఉంటే పని అయిపోయేది. హాలులో ఒక్కరైనా ‘యంత్రం ఇక్కడ తప్పు చేసి ఉంటే?’ అనే ప్రశ్న వేసుకుని ఉంటే వెతకాల్సిన చోటు దొరికేది. వెతికే సమయం మాత్రం ఎవరికీ లేదు. ఆటగాడే లేచిపోయాక వ్యాఖ్యానం అతన్ని అనుసరించక ఏం చేస్తుంది?

ఇలాంటిదే ముందు రోజు గేమ్‌లో మరోటి. మే 3న మొదటి గేమ్‌లో కాస్పరోవ్ గెలిచాడు. ఓడిపోయే స్థితిలో 44వ ఎత్తుగా డీప్ బ్లూ ఏనుగును డీ1కు పంపింది. ఆ ఎత్తుకు అర్థమే కనబడలేదు. ఇంకేదో దారిలో చాలా దూరంలో ఓటమి చూసి ఉంటుందని ఊహాగానాలు సాగాయి. ప్రోగ్రామ్‌లోని లోపం వల్ల పడిన ఎత్తు అని, అందులో ఉద్దేశం లేదని డీప్ బ్లూ బృందం తర్వాత వివరించింది. అర్థం కాని ఎత్తు ముందు వ్యాఖ్యాత ‘లోతైన ఆలోచన’ అనడం సులువు, ‘నాకు కారణం కనబడలేదు’ అనడం కష్టం. రెండోది నేర్చుకోవాలి.

మే 11న ఆరో గేమ్. కారో-కాన్ ఓపెనింగ్‌లో కాస్పరోవ్ 7వ ఎత్తుగా హెచ్ బంటును హెచ్6కు తోశాడు. డీప్ బ్లూ గుర్రాన్ని ఈ6లో బలి ఇచ్చింది. 19 ఎత్తుల్లో ఆట ముగిసింది, మ్యాచ్ 3.5-2.5తో యంత్రానిది, 7 లక్షల డాలర్ల బహుమతీ దానిదే. చూసేవారికి అది యంత్రం చేసిన సాహసంలా కనిపించింది. ఆ బలి ఓపెనింగ్ పుస్తకంలోంచి వచ్చింది, మనుషులు ఎక్కించినది. ప్రతి ఎత్తుకూ ‘పుస్తకమా, లెక్కా?’ అన్నది ముందు తేల్చుకోవాలనడానికి ఇంతకన్నా ఉదాహరణ దొరకదు.

2006లో జర్మనీలోని బాన్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్, డీప్ ఫ్రిట్జ్ అనే చదరంగం ప్రోగ్రామ్‌తో ఆడినప్పుడు ఈ గొడవకు నియమంలోనే పరిష్కారం పెట్టారు. ప్రోగ్రామ్ పుస్తకంలో ఉన్నంతసేపూ ఆ పుస్తకం క్రామ్నిక్‌కు తెర మీద కనిపించాలి. కానీ ఆ మ్యాచ్ గుర్తుండిపోయింది వేరే కారణానికి. రెండో గేమ్ 34వ ఎత్తులో క్రామ్నిక్ మంత్రిని ఈ3కు తెచ్చి మంత్రుల మార్పిడి అడిగాడు. ఎఫ్8లోని గుర్రం అండతో తెల్ల మంత్రి హెచ్7లోకి వచ్చింది, ఒక్క ఎత్తులో ఆటకట్టు. ఇక్కడ వ్యాఖ్యాతకు ప్రోగ్రామ్ సాయం అవసరమే లేదు, పిల్లలకూ కనబడుతుంది. అవసరమైనది ప్రపంచ ఛాంపియన్ కంటికి అది ఎందుకు ఆనలేదన్న వివరణ. ఎఫ్8లో గుర్రం నిలబడి హెచ్7ను కాపాడే ఆటకట్టు నిజమైన ఆటల్లో చాలా అరుదు, కాబట్టి అనుభవజ్ఞుడి కంటికి అలవాటైన నమూనాల్లో అది లేదు. అప్పటికి ఫ్రిట్జ్ వేగం సెకనుకు 80 లక్షల స్థితులే, డీప్ బ్లూ గరిష్ఠ వేగంలో ఇరవై ఐదో వంతు. అయినా మ్యాచ్ 4-2తో దానిదే.

ఆ తర్వాత ఇలాంటి మ్యాచ్‌లలో ఆసక్తి చచ్చిపోయింది. ఇప్పుడు కంప్యూటర్ వ్యాఖ్యాత పక్కకు వచ్చి కూర్చుంది. కోనేరు హంపి, అర్జున్ ఎరిగైసి ఆటలు చూసే ప్రతి ఇంట్లోనూ తెర పక్కన, ఎవరిది పైచేయో కంప్యూటర్ లెక్కను చూపే తెలుపు-నలుపు పట్టీ ఎగిరి పడుతుంటుంది. దాన్ని చదవడంలోనే కొత్త తప్పులు. పాతకాలంలో +1.00 అంటే ఒక బంటు ఆధిక్యం. 2022 డిసెంబరులో వచ్చిన స్టాక్‌ఫిష్ 15.1 అనే ఇంజిన్ (ఎత్తులను లెక్క వేసే ప్రోగ్రామ్) నుంచి +1.00 అంటే సమాన బలమున్న ఇంజిన్లు ఆడితే గెలుపుకు 50 శాతం అవకాశం అని కొలత మార్చారు. పాత వెర్షన్ అంకెను, కొత్త వెర్షన్ అంకెను పక్కపక్కన పెట్టి ‘ఆధిక్యం తగ్గింది’ అనడం అర్థం లేని మాట.

పనిలో పాటించేవి కొన్ని. కొత్త ఎత్తు పడగానే వచ్చే అంకెను చదవొద్దు. లోతు కనీసం 25 దాటి, రెండు మూడు సార్లు నిలకడగా ఉన్నాకే మాట్లాడాలి. ఒకే దారి కాకుండా మొదటి మూడు దారులు చూపించమనాలి. మొదటిది +1.80, రెండోది 0.00 అయితే గెలుపు ఒకే ఒక్క ఎత్తు మీద వేలాడుతోందని, మనిషి దాన్ని వదిలేయొచ్చని చెప్పాలి. మూడూ +1.50 దగ్గరుంటే నిజంగానే సుఖంగా ఉన్నాడు. ఇంజిన్ వింత ఎత్తు చూపితే దాన్ని పొగడకుండా, మనిషి సహజంగా వేసే ఎత్తును బల్ల మీద వేసి ఎదుటివాడి జవాబు ఏమిటో ఇంజిన్‌నే అడగాలి. కారణం సాధారణంగా ఆ జవాబులో దొరుకుతుంది. ఆటగాడు గడియారంలో 40 సెకన్లతో ఉన్నప్పుడు 14 ఎత్తుల లోతున్న గెలుపు గురించి చెప్పి అతన్ని తప్పుపట్టడం వ్యాఖ్యానం కాదు.

అన్నిటికన్నా మోసం చేసే అంకె 0.00. చచ్చిపోయిన బంట్ల ముగింపూ 0.00, కాస్పరోవ్ వదిలేసుకున్న స్థితీ 0.00. మొదటిదాంట్లో ఏ ఎత్తు వేసినా డ్రా. రెండోదాంట్లో మంత్రి ఈ3కు దూకకపోతే ఓటమి, శకటు పోయాక ఏనుగు ఈ8కు రాకపోతే ఓటమి. పట్టీ రెండింటికీ మధ్యలోనే నిలబడుతుంది.