మనవాళ్లను బాగా చూసుకుంటే సరిపోతుందా?

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఒకటి ఊహించుకోండి. ఓనరు మంచి మనిషి. దసరాకి అందరికీ బట్టలు పెడతాడు. మేస్త్రి కూతురి పెళ్లికి వడ్డీ లేకుండా అప్పిస్తాడు. ఎవరింట్లో జబ్బు చేసినా ఆస్పత్రి బిల్లు తనే చూసుకుంటాడు. కానీ కొత్త వెల్డింగ్ మిషన్ వస్తే దాని మీద పని నేర్చుకునే అవకాశం సొంతూరి కుర్రాడికే దక్కుతుంది. ఒడిశా నుంచి వచ్చి ఏళ్ల తరబడి అక్కడే గ్రైండింగ్ చేస్తున్న అతను ఓనరుకు గుర్తే రాడు. ఇందులో ద్వేషం ఏమీ లేదు. లేదు కాబట్టే, జరిగింది అన్యాయమని ఆయనకు తట్టదు.

ఇలాంటి మనుషుల్ని అర్థం చేసుకోవడానికి షాలోమ్ ష్వార్ట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సిద్ధాంతం బాగా పనికొస్తుంది. 20 దేశాల్లో సేకరించిన సమాచారంతో 1992లో ఆయన మనుషుల విలువలను 10 రకాలుగా వర్గీకరించాడు. వాటిలో రెండు పైకి ఒకేలా కనిపిస్తాయి. ఒకటి, రోజూ మన మధ్య తిరిగే దగ్గరివాళ్ల మేలు కోరడం. ఇంకొకటి, పరిచయం లేనివాళ్లతో సహా అందరికీ న్యాయం జరగాలని కోరడం. ఆయన గీసిన వలయంలో ఇవి పక్కపక్కనే ఉంటాయి, అధికారం, విజయం అనే విలువలు వీటికి ఎదురువైపు ఉంటాయి. పక్కపక్కన ఉన్నా ఇవి రెండూ ఒకటి కాదు. మొదటిది నిండుగా ఉన్న మనిషిలో రెండోది కూడా అంతే ఉంటుందన్న హామీ లేదు. బెజవాడ, గుంటూరు వ్యాపారాల్లో మొదటిదానికి కొదవ లేదని నా నమ్మకం. మనం పెంచుకోవాల్సింది రెండోదాన్నే.

దగ్గరివాళ్ల వైపు మొగ్గడానికి మనసుకు పెద్ద కారణం కూడా అక్కర్లేదు. 1970ల తొలినాళ్లలో హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 14, 15 ఏళ్ల అబ్బాయిల మీద ప్రయోగాలు చేశాడు. ఒక ప్రయోగంలో, క్లీ, కాండిన్‌స్కీ అనే చిత్రకారుల్లో ఎవరి బొమ్మలు నచ్చాయన్నదాన్ని బట్టి మిమ్మల్ని రెండు జట్లు చేశామని వాళ్లకు చెప్పారు. నిజానికి ఎవరు ఏ జట్టన్నది ఇష్టం వచ్చినట్టు వేసిందే. తర్వాత ఒక్కొక్కరినీ మిగతావాళ్లకు కొద్దిపాటి డబ్బు పంచమన్నారు. ఎవరికి ఇస్తున్నారో పేరు తెలియదు, జట్టు మాత్రమే తెలుసు. పంచేవాడికి అందులో దక్కేదేమీ లేదు. అయినా ఎక్కువమంది తమ జట్టుకే ఎక్కువ ఇచ్చారు. అవతలి జట్టు కంటే పైన ఉంటే చాలని, తమవాళ్లకు రావాల్సింది తగ్గినా సరేననుకున్నవాళ్లూ ఉన్నారు. నాకు మింగుడుపడనిది ఈ చివరి సంగతే. నచ్చిన బొమ్మల పేరు చెబితేనే ఇంత జరిగితే, ఊరు, కులం, భాష, చదివిన కాలేజీ కలిసొచ్చిన చోట ఎంత జరగదు?

తప్పు జరిగినప్పుడు కూడా ఇదే మొగ్గు పనిచేస్తుంది. మనవాడు పొరపాటు చేస్తే పాపం, ఇంట్లో ఏదో టెన్షన్ అంటాం. అవతలివాడు అదే పని చేస్తే వీళ్లింతే అనేస్తాం. థామస్ పెటిగ్రూ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1979లోనే దీన్ని సిద్ధాంతీకరించాడు. ప్రమోషన్ల దగ్గర ఈ తేడా ఎంత పని చేస్తుందో ఆఫీసుల్లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

దీనివల్ల నష్టం పక్కనపెట్టిన మనిషికే కాదు, సరుక్కి కూడా. గుంటూరు మిర్చినే తీసుకోండి. తొడిమలు తీసే ఆడవాళ్లు రోజంతా కాయల్ని చేత్తో తడుముతూ ఉంటారు. తాలు కాయ ఏదో, తేమ ఆరనిది ఏదో వాళ్లకు ముట్టుకుంటేనే తెలుస్తుంది. తేమ మిగిలిన కాయకు ఆస్పర్జిల్లస్ జాతి బూజు పట్టవచ్చు. దానివల్ల అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అది పరిమితి దాటితే ఎగుమతి సరుకు విదేశీ రేవు నుంచి వెనక్కి రావచ్చు. ఇంత విలువైన సమాచారం ఆమె వేళ్ల దగ్గర ఉంది. అది ఓనరు చెవిన పడాలంటే మధ్యలో ముఠా మేస్త్రి, గుమాస్తా ఉన్నారు. వాళ్లలో ఎవరైనా ఒక్కసారి “నీ పని నువ్వు చూసుకోమ్మా” అంటే చాలు, ఇక ఆమె నోరు విప్పదు.

ఇలా నోరు విప్పకపోవడం మీద ఎమీ ఎడ్మండ్‌సన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఏళ్ల తరబడి పరిశోధన చేసింది. 1990ల్లో ఆస్పత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలిస్తే, మంచి జట్లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదై కనిపించాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేసి కాదు, భయం లేక బయటికి చెప్పుకున్నారన్నది ఆమె ఇచ్చిన వివరణ. తర్వాత 2006లో ఇంగ్రిడ్ నెంభార్డ్ అనే మరో పరిశోధకురాలితో కలిసి నవజాత శిశువుల ఐసీయూలను చూసింది. డాక్టరు కంటే నర్సుకు, నర్సు కంటే శ్వాస చికిత్స సిబ్బందికి మాట్లాడే ధైర్యం తక్కువ. అయితే పెద్ద డాక్టరు తానే అడిగి, చెప్పినదానికి విలువ ఇచ్చేచోట ఆ తేడా చాలావరకు తగ్గింది. విజయవాడ సూర్యారావుపేట ఆస్పత్రుల్లో రౌండ్స్‌కు వెళ్లే డాక్టర్లు చదవాల్సిన పరిశోధన ఇది.

విలువలు మనిషిలో ఒక్కరోజులో మారవు. నిర్ణయం తీసుకునే పద్ధతిని మాత్రం రేపే మార్చుకోవచ్చు. కొత్త పని ఎవరికివ్వాలో తేల్చే ముందు, ఆ పనికి ఏం కావాలో కాగితం మీద రాసి, షెడ్డులో ఉన్న అందరి పేర్లనూ దానితో సరిచూడాలి. మీటింగ్‌లో పెద్దవాడు చివర మాట్లాడాలి. ముందే తన అభిప్రాయం చెప్పేస్తే మిగతావాళ్లు దానికే తలూపుతారు.

మిర్చి దగ్గరైతే, గుమాస్తా నోరు తెరవకముందే ఓనరు వెళ్లి “ఈ లాట్‌లో నీకేమన్నా తేడా కనిపించిందామ్మా?” అని అడగాలి. ఆమె చూపించిన టిక్కీని, అంటే మిర్చి బస్తాని, ఆమె ముందే విప్పించాలి. కాయ బాగానే ఉందని తేలినా మొహం చిట్లించకూడదు, చెప్పినందుకు మంచి పని చేశావనాలి. నిజంగానే బూజు పట్టిన టిక్కీ ఆమె చేతికి తగిలిన రోజున చెప్పాలా వద్దా అన్నది ఆమె తేల్చుకునేది అప్పటి ఆయన మొహాన్ని బట్టే.