చామంతి కుటుంబం మొదలును చూపిన తిరగబడ్డ ముక్క

గట్టు మీది గడ్డి చామంతిని ఒకటి తెంపి దగ్గరగా చూడండి. అంచున తెల్లటి రేకుల్లా ఉన్నవి రేకులు కావు, ఒక్కొక్కటీ ఒక పువ్వు. కొసన పంటి మొనల్లాంటివి మూడు, మొదట్లో రెండుగా చీలిన సన్నటి కీలాగ్రం (పుప్పొడిని అందుకునే భాగం) కనిపిస్తాయి. నడిమి పసుపు గుండీ నిండా మళ్లీ చిన్న చిన్న పూలే. బంతి, పొద్దుతిరుగుడు, వయ్యారిభామ అన్నీ ఇలాంటి పూలగుత్తులే. కుసుమకైతే రేకుల్లాంటి ఆ అంచు పూలే ఉండవు. ఇవన్నీ చామంతి కుటుంబానివి. అందులోని పాతిక వేల జాతులు దాదాపు ఒకే మూసలో ఉంటే, పువ్వును చూసి చుట్టరికం తేల్చడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

1873లో ఇంగ్లండు వృక్షశాస్త్రజ్ఞుడు జార్జ్ బెంథమ్ ఈ కుటుంబాన్ని 13 తెగలుగా విడదీశాడు. కీలాగ్రం తీరు, పుప్పొడి తిత్తుల అడుగు, గింజ మీది నూగు ఆయనకు ఆధారాలు. ఆ పని చాలావరకు ఇప్పటికీ నిలిచింది. పొరపడింది మొదలు దగ్గర: పొద్దుతిరుగుడు తెగే అన్నిటికన్నా పాతదనుకున్నాడు. 1955లో అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు క్రాంక్విస్ట్ కూడా అదే అన్నాడు.

దాన్ని తిరగేసింది 1987లో రాబర్ట్ జాన్సెన్, జెఫ్రీ పామర్ చేసిన పని. క్లోరోప్లాస్ట్ (ఆకు కణాల్లోని పచ్చటి భాగం) డీఎన్ఏను, నిర్ణీత చోట్లే తెంపే రిస్ట్రిక్షన్ ఎంజైములతో కోసి, ముక్కల వరుసను పటంగా గీశారు. లక్షన్నర బేసుల (డీఎన్ఏ అక్షరాల) ఆ వలయంలో సుమారు 22,000 బేసుల ముక్క ఇదే కుటుంబపు ఆకుకూర లెట్యూస్‌లో ఒక దిశలో, దక్షిణ అమెరికా ముళ్లపొద బర్నడేసియాలో ఎదురు దిశలో ఉంది. ఏది పాతది? పొరుగు కుటుంబాల్లోనూ బర్నడేసియా వరుసే ఉంది. అంటే ఆ పొదల శాఖ విడిపోయాకే మిగతావాళ్ల పూర్వీకుడిలో ముక్క తిరగబడింది. ఒక బేసు మారి మళ్లీ వెనక్కి రావడం మామూలే. ఇంత పెద్ద ముక్క అదే చోట తెగి మళ్లీ తిరగబడటం అరుదు. ఈ సాక్ష్యానికి అంత బలం అందుకే. 1992లో ఆ పొదలకు విడిగా ఉపకుటుంబం కట్టారు. ఆ ముక్క లోపలే 3,300 బేసుల మరో తిరగబాటు 2005లో బయటపడింది.

అయితే క్లోరోప్లాస్ట్ ఎక్కువగా తల్లి వైపు నుంచే వస్తుంది. సంకరాలు పుట్టే ప్రజాతుల్లో దాన్నొక్కదాన్నే నమ్మితే సగం వంశమే తెలుస్తుంది. అందుకే 1990ల నుంచి తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కేంద్రక డీఎన్ఏలోని ఐటీఎస్ అనే చిన్న భాగాన్నీ చదువుతున్నారు. అది 700 బేసులకు అటూ ఇటూ ఉంటుంది. లేత ఆకును సిలికా జెల్‌లో ఎండబెట్టి నూరి, 2 శాతం సీటాబ్ (కణాల పొరలను కరిగించే రసాయనం), 1.4 మోలార్ ఉప్పు ఉన్న ద్రావణంలో 60 డిగ్రీల దగ్గర నానబెట్టి, క్లోరోఫారంతో శుభ్రం చేస్తారు. డీఎన్ఏ గోధుమ రంగుకు తిరిగితే ఆకులోని ఫినాల్స్ అనే రసాయనాలు అంటుకున్నట్టే, డీఎన్ఏ ప్రతులు పెంచే పీసీఆర్ మొండికేస్తుంది. మొదట్లోనే ఫినాల్స్‌ను అడ్డుకునే పీవీపీ, మెర్కాప్టోఇథనాల్ కలపాలి. లేదా డీఎన్ఏను పదింతలు పలచన చేసి చూడాలి. ఆకు లోపలి బూజు ఐటీఎస్ కూడా అదే ప్రైమర్లకు (పీసీఆర్‌ను మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కలకు) చిక్కుతుంది కాబట్టి, వచ్చిన వరుసను డేటాబేస్‌తో పోల్చనిదే వంశవృక్షం గీయకూడదు. వరుస చదివిన గ్రాఫులో ఒకే చోట రెండు శిఖరాలు కనిపిస్తే అది సంకరం కావచ్చు. నచ్చినదాన్ని ఎంచుకోకుండా క్లోనింగ్ చేసి (ఒక్కో ప్రతిని బ్యాక్టీరియాలో వేరుగా పెంచి) రెండింటినీ విడిగా చదవాలి.

2014లో 1,061 కేంద్రక జన్యుభాగాలను ఒకేసారి పట్టే ప్రోబులు (కావలసిన డీఎన్ఏకు అతుక్కునే చిన్న ముక్కలు) వచ్చాయి. వాటితో 2019లో గీసిన వంశవృక్షం ఈ కుటుంబం పుట్టుకను 8.3 కోట్ల ఏళ్ల వెనక్కి తీసుకెళ్లింది. ఇక్కడ చిక్కు వేరు. ఈ మొక్కల చరిత్రలో జన్యుపటం మొత్తం రెట్టింపైన సందర్భాలున్నాయి, కాబట్టి ఒక్కో జన్యువుకు రెండు మూడు ప్రతులుంటాయి. ఒక జాతి నుంచి ఒక ప్రతి, మరో జాతి నుంచి ఇంకో ప్రతి తీసుకుంటే, వంశవృక్షం చూపేది జాతులు విడిపోయిన కాలాన్ని కాదు, జన్యువు రెట్టింపైన కాలాన్ని.