ఆడవేషానికి లేని అభ్యంతరం ఇప్పుడెందుకు?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగు నాటకాల వాళ్లలో పాత పంచాయితీ మళ్లీ లేచింది. ట్రాన్స్ మహిళ పాత్రను ట్రాన్స్ మహిళే వెయ్యాలా, చీర కట్టిన మగ నటుడు వేస్తే చాలదా అని. కుర్రాళ్లు రాస్తున్న నాటికల్లో ఇలాంటి పాత్రలు బాగానే వస్తున్నాయి, మనిషిని ఎంచుకునే దగ్గరే పెద్దలతో తేడా వస్తోంది. పెద్దల వాదన చిన్నదే: నటన అన్నాక ఎవరు ఏ వేషమైనా వెయ్యొచ్చు, స్థానం వారు వెయ్యలేదా?

వేశారు. రంగస్థలం మీద ఆడవేషాలకే పేరుపడ్డ స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది, కూచిపూడి సత్యభామగా పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో వచ్చింది. అంతదాకా ఎందుకు, మన బరంపురం ఉన్న గంజాం జిల్లాలోనే ప్రహ్లాద నాటకం ఉంది. జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ పేరు మీద చెలామణి అయ్యే ఆ నాటకంలో లీలావతి వేషం మగవాళ్లదే. (జలంతరకోట ఇప్పుడు ఆంధ్రలో ఉంది, నాటకం మాత్రం ఒడిశాలో ఉండిపోయింది.) మెట్లు మెట్లుగా కట్టిన చెక్క వేదిక మీద హిరణ్యకశిపుడు గంతులేస్తూ ఎక్కి దిగుతుంటాడు, లీలావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొడుకు కోసం ఏడుస్తుంది, చూసేవాళ్లలో ఒక్కరూ నవ్వరు. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో మొక్కు వేషాలు కట్టే వాళ్లనీ ఎవరూ వేలెత్తి చూపరు, పైగా దండం పెడతారు. ఆ యాత్రను నడిపించేది దేరా నేతవాళ్లు, మన తెలుగువాళ్లే.

మరి ఎక్కడ చెడింది? అందరూ ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద కోర్టు తీర్పులు వచ్చాకే అంటారు. నా లెక్కలో అసలు మలుపు అంతకు చాలా ముందే, ఆడపాత్రలకు ఆడవాళ్లు రావడం మామూలైపోయినప్పుడే వచ్చింది. 1885లో మొదలైన సురభి నాటక సమాజం వాళ్లు తమ ఇంటి ఆడవాళ్లనే రంగస్థలం ఎక్కించారు, మిగతా సమాజాలకు అది అలవాటు కావడానికి దశాబ్దాలు పట్టింది. ఇటు ఒడిశాలో చిన్నప్పుడు గోటిపువా (మగపిల్లలు ఆడవేషం కట్టి ఆడే నాట్యం) ఆడిన కేలూచరణ్ మహాపాత్ర లాంటి గురువులే తర్వాత అమ్మాయిలకు ఒడిస్సీ నేర్పారు. రావాల్సిన మార్పే, ఎవరూ కాదనరు. కానీ దాంతో చీర కట్టిన మగవాడికి సీరియస్ పాత్ర లేకుండా పోయింది, ఇక మిగిలింది కామెడీ ఒక్కటే. రికార్డింగ్ డ్యాన్సులూ టీవీ షోల లేడీ గెటప్పులూ దాన్నే పట్టుకున్నాయి. రెండు తరాల ప్రేక్షకులు ఆ గెటప్ కనబడగానే నవ్వడం నేర్చుకున్నారు.

కుర్రాళ్ల గొడవంతా ఆ నవ్వు గురించే. తెర లేచీ లేవగానే, ఇంకా డైలాగ్ కూడా మొదలవకముందే, ముందు వరసలో కిసుక్కుమంటారు, ఆ తర్వాత ఆ పాత్ర ఇల్లు వదిలి వెళ్లిపోతున్నా, అద్దె గది దొరక్క తిరుగుతున్నా ఆ నవ్వు వెనకాలే వస్తుంది. మగ నటుడు ఎంత బాగా చేసినా చివర్లో విగ్గు తీసి ఫొటోలకు నిలబడతాడు, జనం హమ్మయ్య అనుకుని ఇంటికెళ్తారు. అదే ట్రాన్స్ మహిళ చేస్తే మేకప్ తుడిచేశాక కూడా ఆమె ఆమెగానే ఎదురుగా ఉంటుంది. పెద్దలకు ఇబ్బంది అక్కడే అని నా అనుమానం. స్థానం వారి పేరు ఇక్కడ అడ్డం పెట్టుకోవడం ఆయనకూ న్యాయం కాదు. ఆయన కాలంలో వేదిక మీద ఆడవాళ్లే అరుదు, ఇప్పుడు పాత్ర వెయ్యగల మనిషి గుమ్మంలో నిలబడి అవకాశం అడుగుతోంది.

చట్టం వైపు నుంచి పెద్ద అడ్డు లేదు. నాటకాల్ని ఆపే అధికారం సర్కారుకిచ్చిన 1876 నాటి చట్టం 2018లో రద్దయింది, అదే ఏడాది సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసిన 377 సెక్షన్ కోరలు పీకింది. ట్రాన్స్‌జెండర్ల కోసం ఒడిశా ప్రభుత్వం స్వీకృతి అనే పథకమే పెట్టింది. హాలు ఇచ్చే కమిటీలూ, చందాలిచ్చే షావుకార్లూ ఏమంటారోనన్నదే ఇప్పుడు టెన్షన్.

ఇంకో చిక్కు నాటక పరిషత్తుల పోటీల దగ్గర వస్తుంది. అక్కడ బహుమతులు నటుడికి, నటికి వేరువేరు. ట్రాన్స్ మహిళ పేరు ఎందులో రాయాలి? తన జెండర్ ఏదో చెప్పుకునే హక్కు ఆ మనిషిదే, ఆపరేషన్ అయిందా లేదా అని అడగడానికి లేదు అని 2014 ఏప్రిల్ 15న నాల్సా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్కన నటి అని ఆమె రాసిస్తే నిర్వాహకులు నటి అనే రాసుకోవడం న్యాయం అని నా మాట.