స్కాన్‌లో గడ్డ కనిపించాక కూడా బయాప్సీ ఎందుకు?

గడ్డ స్కాన్‌లో స్పష్టంగా ఉన్నా రిపోర్టులో క్యాన్సర్ అని తేల్చి రాయడం అరుదు. ‘అనుమానాస్పదం, బయాప్సీతో (గడ్డ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షతో) నిర్ధారించుకోవాలి’ అని ఉంటుంది. స్కాన్ చదివే డాక్టరు, అంటే రేడియాలజిస్టు, తప్పించుకోవడానికి రాసిన మాట కాదది. క్యాన్సర్‌ను నేరుగా చూపించే స్కానింగ్ యంత్రం ఇంతవరకూ లేదు. సీటీ సాంద్రతను, ఎమ్మారై నీటి తీరును, పెట్ చక్కెర వాడకాన్ని చూపిస్తుంది. మిగతాది చదివేవారి అంచనా.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనిపెట్టినప్పుడు బాగా కనబడినవి ఎముకలు, లోహాలు. గాలి నిండిన ఊపిరితిత్తిలో గడ్డ తెల్లగా తేలుతుంది గానీ, పుర్రె లోపల మెదడుకీ గడ్డకీ తేడా తెలియదు. అందుకే 1918-19లో అమెరికా సర్జన్ వాల్టర్ డాండీ మెదడు కుహరాల్లో ద్రవం బదులు గాలి నింపి ఫిల్ము తీశాడు. 1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ మెడ ధమనిలోకి కాంట్రాస్ట్ మందు (రక్తనాళాలు ఎక్స్‌రేలో కనబడేలా చేసేది) ఎక్కించాడు. కుహరం ఎటు ఒరిగింది, రక్తనాళం ఎటు జరిగింది అన్నదాన్ని బట్టే గడ్డ ఎక్కడుందో లెక్కగట్టేవారు. గాలి పరీక్ష చేయించుకున్నవారికి తీవ్రమైన తలనొప్పి, వాంతులు తప్పేవి కావు.

ఈ ఊహాగానానికి తెరదించింది సీటీ, అంటే పలు కోణాల్లో తీసిన ఎక్స్‌రేలను కంప్యూటర్‌తో కలిపి శరీరాన్ని పొరలుగా చూపే స్కాన్. 1971 అక్టోబరు 1న లండన్ నగరం వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో, ఇంజనీరు హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రం ఒక మహిళ మెదడు ముందుభాగంలోని గడ్డను చూపించింది. ఆ చిత్రం 80×80 గళ్ళది మాత్రమే. ఆయన పేరుతోనే నేటికీ వాడుతున్న సాంద్రత కొలతలో నీరు 0, గాలి -1000, కొవ్వు దాదాపు -100.

చిక్కల్లా కాలేయం లాంటి అవయవాల్లో వస్తుంది. అక్కడ గడ్డ విలువ, చుట్టుపక్కల కణజాలం విలువ చాలాసార్లు దాదాపు ఒకటే. అందుకే కాంట్రాస్ట్ ఎక్కించి పలుమార్లు తీస్తారు: సుమారు 35 సెకన్లకు ధమని దశ (మందు ధమనుల్లో ఉండగా), 70 సెకన్లకు సిర దశ (సిరల్లోకి చేరాక), కొన్ని నిమిషాలకు ఆలస్య దశ. కాలేయ క్యాన్సర్ గడ్డ సాధారణంగా ధమని దశ చిత్రంలో మెరిసి తర్వాత వెలిసిపోతుంది. నిరపాయమైన రక్తనాళాల గడ్డ అంచుల నుంచి మెల్లగా లోపలికి నిండుతుంది. ధమని దశ పది సెకన్లు తప్పినా ఆ మెరుపు దొరకకపోవచ్చు. సిర దశ ఒక్కటే తీసిన సీటీ తర్వాత మళ్ళీ స్కాన్ చేయించమనడానికి తరచూ ఇదే కారణం.

అయస్కాంత క్షేత్రంలో శరీరంలోని నీటి నుంచి వచ్చే సంకేతాలను పట్టే ఎమ్మారై పుట్టుకే క్యాన్సర్‌ను విడిగా గుర్తించాలన్న ఆశతో ముడిపడింది. ఎలుకల గడ్డల్లో అయస్కాంత సంకేతం సద్దుమణగడానికి మామూలు కణజాలంలో కంటే ఎక్కువ సమయం పడుతోందని 1971లో అమెరికా వైద్యుడు డమేడియన్ ప్రకటించాడు. ఆ సంకేతాలను చిత్రంగా మలిచే దారిని 1973లో రసాయన శాస్త్రవేత్త లాటర్‌బర్ చూపించాడు. చిత్రం నిలిచింది, ఆశ నిలవలేదు. వాపు, నీరు చేరడం కూడా ఆ సమయాన్ని పెంచుతాయి. ఇప్పుడు నీటి అణువుల కదలికను కొలిచే డిఫ్యూజన్ చిత్రాలదీ అదే ఇబ్బంది: కణాలు కిక్కిరిసిన గడ్డలో నీరు కదలదు, చిక్కటి చీములోనూ కదలదు.

పెట్ స్కాన్ మూలం 1920ల నాటిది. క్యాన్సర్ కణాలు గ్లూకోజును విపరీతంగా వాడతాయని జర్మన్ శాస్త్రవేత్త వార్‌బర్గ్ అప్పుడే చెప్పాడు. రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించిన గ్లూకోజును మనిషికి తొలిసారి ఎక్కించింది 1976లో. అది ఎక్కువగా చేరిన చోటు పెట్ చిత్రంలో వెలుగుతుంది. ఆ ఫ్లోరిన్ అర్ధాయువు 110 నిమిషాలు. పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు. సూది వేశాక దాదాపు గంటసేపు కదలకుండా ఉండాలి. కబుర్లు, నడక కండరాలను వెలిగిస్తాయి. రక్తంలో చక్కెర ఎక్కువుంటే గడ్డ సరిగా వెలగకపోవచ్చు. క్షయ పుండు కూడా క్యాన్సర్‌లాగే వెలగవచ్చు. మెదడు, మూత్రాశయం ఎలాగూ వెలుగుతాయి. నిదానంగా పెరిగే కొన్ని క్యాన్సర్లు, ఎనిమిది మిల్లీమీటర్లలోపు గడ్డలు మాత్రం తప్పించుకోవచ్చు.

యంత్రాలు పదునెక్కేకొద్దీ అక్కర్లేనివీ బయటపడ్డాయి. ఎక్కువగా పొగతాగినవారిపై అమెరికాలో జరిపిన అధ్యయనం ఫలితాలు 2011లో వచ్చాయి. తక్కువ మోతాదు సీటీతో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఎక్స్‌రేతో పోలిస్తే 20 శాతం తగ్గాయి. అయితే అనుమానించిన ఫలితాల్లో 96 శాతం క్యాన్సర్ కానివే. దక్షిణ కొరియాలో అల్ట్రాసౌండ్ పరీక్షలు విరివిగా జరిగాక థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993-2011 మధ్య పదిహేను రెట్లయ్యాయి, మరణాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

ఇక బయాప్సీకి కూడా స్కానే దారి చూపాలి. పెద్ద గడ్డ నడిబొడ్డున తరచూ చచ్చిన కణజాలం ఉంటుంది. అక్కడ గుచ్చితే పనికొచ్చే ముక్క రాదు. కాంట్రాస్ట్‌తో మెరిసే అంచులోకి సూది పోవాలి. స్కాన్ గట్టిగా అనుమానిస్తుంటే, ముక్కలో మాత్రం ఏమీ లేదని వస్తే, సూది గురి తప్పిందేమోనని చూసి బయాప్సీ మళ్ళీ చేస్తారు.